నచ్చిన షో నొప్పించినప్పుడు

పిల్లలూ, బదిలీ అయిన అమ్మ వెంటో నాన్న వెంటో కొత్త ఊరికి వెళ్లి, కొత్త బడిలో చేరిన మొదటి వారంలో మిమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఎక్కడైనా ఒకటే. పేరేమిటి? ఎక్కడి నుంచి వచ్చావు? నాన్నగారిది ఏ ఆఫీసు? ఆ తర్వాత నాలుగో ప్రశ్న: నీకు ఏది ఇష్టం? అంటే ఏ హీరో, ఏ కార్టూన్, ఏ టీవీ షో అని. మొదటి మూడింటి జవాబులూ పెద్దవాళ్లు నిర్ణయించినవి. నాలుగోది మాత్రం మీ సొంతం. అందుకే ట్రాన్స్‌ఫర్ల మీద తిరిగే పిల్లలకు అభిమానం అంటే ఉత్త కాలక్షేపం కాదు. క్వార్టర్ మారుతుంది, బెంచీ పక్కన కూర్చునే నేస్తం మారిపోతాడు. షో మాత్రం గువాహటిలో ఉన్నా, జైపూర్‌లో ఉన్నా, ఇక్కడ రాయపూర్‌లో ఉన్నా అదే వేళకు అదే పాటతో మొదలవుతుంది. లారీకి ఎత్తనక్కర్లేని సామాను అది.

మరి అలాంటి షోయే ఒకరోజు ముల్లులా గుచ్చుకుంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నను చాలా గట్టిగా పట్టుకున్న ఒక తెలుగువారి అబ్బాయి గురించి మీకు చెప్పాలి.

అతని పేరు హరి కొండబోలు. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డారు. 1982లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో పుట్టాడు. అతనికి ఏడేళ్లప్పుడు, 1989 డిసెంబరులో, అమెరికా టీవీలో 'ది సింప్సన్స్' అనే కార్టూన్ షో మొదలైంది. పసుపు రంగు మొహాలతో ఒక మామూలు కుటుంబం, వాళ్ల ఊరు, ఆ ఊరి జనం చేసే తిక్క పనులు. దాదాపు నలభై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. హరికి ఆ షో అంటే ప్రాణం. పెద్దయ్యాక అతను హాస్య కళాకారుడయ్యాడు. ఒంటరిగా వేదిక మీద నిలబడి మైకు పట్టుకుని నవ్వించేవారు ఉంటారు కదా, ఆ రకం. తన హాస్యానికి ఆ షో ఇచ్చింది చాలా ఉందని చెప్పుకునేవాడు.

ఆ షోలో అపూ అనే పాత్ర ఉంది. ఊళ్లో కిరాణా కొట్టు నడిపే భారతీయుడు. సత్యజిత్ రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి' మొదలైన మూడు సినిమాల్లోని పిల్లవాడి పేరే అతనికి పెట్టారు. పేరు అంత గొప్ప చోటు నుంచి వచ్చింది. కానీ గొంతు మాత్రం హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడిది. భారతీయుల ఇంగ్లీషు ఇలా ఉంటుందని ఊహించి, సాగదీసి, వంకర్లు తిప్పి పలికించిన గొంతు. చిన్నప్పుడు హరికి అపూను చూస్తే సంతోషమే. టీవీలో మనవాడంటూ కనిపించేది అతనొక్కడే మరి! ఆ మాట హరే చెప్పాడు. కానీ టీవీ కట్టేశాక బయట ఏం జరిగేది? బళ్లో, వీధిలో, దక్షిణాసియా పిల్లలు ఎవరు కనిపించినా తోటి పిల్లలు ఆ గొంతుతోనే పలకరించేవారు. ఆ కొట్టులో అపూ చెప్పే మాటే వీళ్ల మొహాన కొట్టేవారు. హరి తల్లిదండ్రుల మాట తీరు నిజానికి అపూలా లేకపోయినా, ఊరందరికీ వాళ్ల గొంతు అదే అయిపోయింది.

ఇక్కడ తెలుగు టీచర్‌గా ఒక చిన్న పాఠం చెప్పనివ్వండి. యాస ఎందుకు వస్తుంది? ఇంగ్లీషువారు తమ 'టి', 'డి' శబ్దాలను పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక చిగుళ్లకు తగులుతుంది. మన 'ట', 'డ' పలికేటప్పుడు నాలుక వెనక్కి మడత పడి అంగిలిని తాకుతుంది. వీటినే వ్యాకరణంలో మూర్ధన్యాలు అంటారు. ఇంగ్లీషు పదం వినగానే మన నాలుక అలవాటైన చోటికే వెళుతుంది. పైగా తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు ఉండాలని చూస్తుంది. అందుకే బస్ అనేది బస్సు అయింది, రోడ్ అనేది రోడ్డు అయింది. హిందీ మాట్లాడేటప్పుడు మనవాళ్లు లింగం తప్పుతారని ఇక్కడి స్నేహితులు నవ్వుతుంటారు కదా? దానికీ కారణం ఉంది. హిందీలో నది పారడానికి ఒక క్రియారూపం, నీళ్లు పారడానికి ఇంకొకటి. నది స్త్రీ, నీళ్లు పురుషుడు! తెలుగులో 'ఆమె వచ్చింది', 'బస్సు వచ్చింది' అని రెంటికీ ఒకే రూపం వాడతాం. ప్రాణం లేని వస్తువులను ఆడా మగా అని విడదీయాల్సిన అవసరం తెలుగుకు రాలేదు. కాబట్టి తెలుగు పిల్ల రోటీని పుంలింగం చేసేసిందంటే తెలివితక్కువై కాదు. ఒక భాష నియమాలు బాగా వంటబట్టిన పిల్ల ఇంకో భాషలోకి అడుగుపెడుతోందన్న మాట.

ఈ సంగతి తెలియనివారికి యాస జోకులా వినిపిస్తుంది. ఆ జోకు మన దేశంలోనూ పాతదే. 1968లో వచ్చిన హిందీ సినిమా 'పడోసన్'లో మెహమూద్ దక్షిణాది సంగీతం మాస్టారిగా వేసిన వేషం చూసి దేశం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మెహమూద్ గొప్ప నటుడు, ఆ పాటల్లోని సంగీతం ఇప్పటికీ వినసొంపే. అయినా ఆ తర్వాత ఎన్ని బళ్లలో ఎంతమంది దక్షిణాది పిల్లలు ఆ మాస్టారి గొంతు వినాల్సి వచ్చిందో! యాదృచ్ఛికంగా అదే 1968లో హాలీవుడ్‌లో పీటర్ సెల్లర్స్ అనే నటుడు మొహానికి గోధుమ రంగు పూసుకుని 'ది పార్టీ' సినిమాలో భారతీయుడిగా వేశాడు. అపూ గొంతుకు ఆ వేషమే ఒక ప్రేరణ అని తర్వాత అజారియా చెప్పాడు.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఆరో తరగతి అమ్మాయి ఉండేది. విజయనగరం వైపు పిల్ల. ఇంటర్వెల్‌లో తోటివాళ్లు చుట్టూ చేరి 'మద్రాసీలా మాట్లాడి చూపించు' అనేవారు. ఆ పిల్ల కూడా నవ్వుతూ 'అయ్యయ్యో' అని చేసి చూపించేది. విజయనగరానికీ మద్రాసుకూ ఎంత దూరమో వాళ్లకూ పట్టలేదు, ఆ పిల్లా చెప్పలేదు. ఒకరోజు కామెడీ షో పేరు చెప్పి, అందులో ఇలాగే చేస్తారు టీచర్, అంది. అది ఆ పిల్లకు ఇష్టమైన షో. రోజూ చూస్తుంది. తనను వెక్కిరించే వస్తువును తనే ప్రేమించడం అంటే ఏమిటో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

హరి కొండబోలు సమస్య సరిగ్గా ఇదే. అతను 2012లో ఒక టీవీ కార్యక్రమంలో అపూ గురించి మాట్లాడాడు. ఒక తెల్లవాడు తన తండ్రిని ఎగతాళి చేస్తుంటే, ఆ ఎగతాళి చేసేవాడిని ఇంకో తెల్లవాడు అనుకరిస్తున్నట్టుగా ఉంటుంది ఆ గొంతు అన్నాడు. ఆ మాటను జనం బాగా పట్టుకున్నారు. తర్వాత 2017 నవంబరులో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ వచ్చింది. గంటకు లోపే ఉంటుంది. అందులో హరి తనలాంటి దక్షిణాసియా కళాకారులను ఒక్కొక్కరినీ కలిసి, చిన్నప్పుడు మిమ్మల్ని అపూ అని ఏడిపించారా అని అడుగుతాడు. అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన డాక్టర్ వివేక్ మూర్తి కూడా మాట్లాడినవారిలో ఉన్నారు. అంతమంది ప్రతిభావంతుల చిన్ననాటి గాయం ఒకటే కావడం చూస్తుంటే మనకు మాట రాదు.

నాకు ఆ సినిమాలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇద్దరు మనుషుల మధ్య తేడా. 'ది నేమ్‌సేక్' సినిమాలో నటించిన కల్ పెన్ కూడా అందులో ఉన్నాడు. అపూ కారణంగా తనకు సింప్సన్స్ అంటేనే గిట్టదని కల్ పెన్ ఖరాఖండిగా చెప్పేస్తాడు. హరి తెల్లబోతాడు. ఎందుకంటే హరికి ఇంకా ఆ షో ఇష్టమే! ఇద్దరి గాయం ఒకటే, నిర్ణయాలు వేరు. ఒకరు తలుపు మూసి వెళ్లిపోయారు. ఇంకొకరు ఇంట్లోనే నిలబడి, ఈ గోడ సరిగ్గా లేదు అంటున్నారు. పిల్లలూ, వీరిలో ఎవరు రైటు అని నన్ను అడిగితే ఇద్దరూ అంటాను. అభిమానాన్ని వదిలేయడం కూడా గౌరవనీయమైన పనే. అభిమానిగానే ఉండి తప్పును తప్పనడమూ గౌరవనీయమే. తప్పని తెలిసీ, ఎవరో ఏమో అనుకుంటారని నవ్వుతూ కూర్చోవడమే ఇబ్బంది. ఆరో తరగతి పిల్ల చేసింది అదే. దానికి ఆ పిల్లను నేను తప్పు పట్టను. కొత్త బడిలో స్నేహితులు కావాలి కదా.

షో వాళ్లు ఏమన్నారు? 2018 ఏప్రిల్‌లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో లీసా అనే పాత్ర ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పంటున్నారు, ఏం చేస్తాం అన్నట్టుగా మాట్లాడుతుంది. మంచం పక్కన అపూ ఫొటో కనిపిస్తుంది. ఆ షో చూసేవారికి తెలుసు, లీసా అంటే ఆ ఇంట్లో న్యాయం మాట్లాడే పిల్ల. అన్యాయం ఎక్కడ కనిపించినా ప్రశ్నించే పాత్ర నోటితోనే ఆ జవాబు చెప్పించడం హరిని బాధపెట్టింది. నా మట్టుకు నాకు అది మంచి రచన కూడా అనిపించలేదు. పాత్ర స్వభావానికి ఎదురు నడిచే సంభాషణ అది. ఇంకోవైపు హరి మీద తిట్లు కురిశాయి. కార్టూన్‌కు ఇంత గొడవా అన్నారు. అపూ కష్టజీవి, కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, మంచి మనసున్న శాకాహారి, ఇంకేం కావాలి అన్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. అపూ చెడ్డ పాత్ర కాదు, నిజమే. చిక్కల్లా పాత్ర గుణంలో కాక గొంతులో ఉంది. బళ్లో పిల్లలు అనుకరించింది అతని డాక్టరేట్‌ను కాదు కదా!

అయితే ఆ గొంతు ఇచ్చిన మనిషి మాత్రం మారాడు. డాక్యుమెంటరీలో మాట్లాడమని హరి ఎంత అడిగినా హాంక్ అజారియా అప్పుడు ఒప్పుకోలేదు. కానీ 2018 ఏప్రిల్‌లోనే ఒక టీవీ కార్యక్రమంలో, అవసరమైతే తప్పుకోవడానికి తనకు అభ్యంతరం లేదని, ఇలాంటి పాత్రలు రాసే గదిలో దక్షిణాసియా రచయితలు ఉండాలని అన్నాడు. 2020 జనవరిలో అపూకు ఇక గొంతు ఇవ్వనని ప్రకటించాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లజాతి కాని పాత్రలకు ఇకపై తెల్ల నటులతో గొంతు చెప్పించబోమని షో నిర్మాతలు చెప్పారు. 2021లో అజారియా బహిరంగంగా క్షమాపణ కోరుతూ ఒక సంగతి చెప్పాడు. తన కొడుకు బడిలో భారతీయ సంతతి పిల్లలతో మాట్లాడుతుంటే, పదిహేడేళ్ల కుర్రాడొకడు కంటతడి పెట్టాడట. ఆ కుర్రాడు జీవితంలో ఒక్కసారి కూడా సింప్సన్స్ చూడలేదు. అయినా అపూ అంటే ఏమిటో వాడికి తెలుసు. చూడని షో కూడా మనిషిని వెంటాడగలదని దీన్నిబట్టి తెలుస్తోంది. అందుకే 'నచ్చకపోతే చూడకు' అనే జవాబు ఎప్పుడూ సరిపోదు.

సరే, అమెరికావాళ్ల సంగతి బాగానే ఉంది, మన సంగతేమిటి? తెలుగు సినిమాల్లో ఎన్నో ఏళ్లు హీరో హీరోయిన్లు ఒక రకం తెలుగే మాట్లాడారు. తెలంగాణ యాస రౌడీకి, కమెడియన్‌కు మిగిలింది. శ్రీకాకుళం మాట ఇంట్లో పనిమనిషి నోట వినిపించేది. మా యాసను విలన్‌కు అంటగట్టారన్న ఆవేదన తెలంగాణ ఉద్యమంలో గట్టిగా వినపడింది. హైదరాబాద్ నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పిల్లలు ఈ పత్రిక చదువుతుంటే, అది వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తర్వాత కొంత మారింది. 2017లో శేఖర్ కమ్ముల తీసిన 'ఫిదా'లో కథానాయికే తెలంగాణ మాట మాట్లాడింది. ఆ పాత్ర వేసిన సాయి పల్లవి తెలంగాణ అమ్మాయి కాదు, నీలగిరి వైపు పిల్ల. అయినా నేర్చుకుని సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పుకుంది, జనం నెత్తిన పెట్టుకున్నారు. 2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం'లో పల్లె తెలంగాణ మాటే మొదటి నుంచి చివరి దాకా. ఆ వేణు అంతకు ముందు టీవీ కామెడీ షోలో నవ్వించిన మనిషే అన్నది గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

సాయి పల్లవి ఉదాహరణ ఎందుకు చెప్పానంటే, పరాయి యాసను పలకడమే తప్పని మీరు అనుకోకూడదు. అలా అయితే నాటకమే లేదు, మిమిక్రీయే లేదు. వరంగల్లులో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ఎందరెందరి గొంతులో పలికి 2001లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పలికినవి పేరున్నవారి గొంతులు, ఫలానా మనిషివని గుర్తుపట్టి జనం చప్పట్లు కొట్టేవారు. ఒక మనిషి గొంతును పట్టుకోవడం వేరు, ఒక జాతి మొత్తానికి ఒకే గొంతు తగిలించడం వేరు.

రాయపూర్‌లో ఉన్నాం కాబట్టి హబీబ్ తన్వీర్ పేరు మీరు వినే ఉంటారు. 1923లో ఈ ఊళ్లోనే పుట్టి, లండన్‌లో నాటక విద్య చదివి వచ్చారు. 1959లో 'నయా థియేటర్' స్థాపించి, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నాచా ఆడే కళాకారులను తీసుకున్నారు. మొదట్లో వాళ్లతో హిందీ పలికించి, ఇక్కడ నిలబడు, అక్కడికి నడువు అని గీతలు గీసి ఆడించారట. సొంత ఊళ్లో వేల మందిని కట్టిపడేసే నటులు కొయ్యబారిపోయారు. లోపం తన పద్ధతిలో ఉందని ఆయన గ్రహించి వాళ్లను ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చారు. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' అలా వచ్చింది. అబద్ధం ఆడనని గురువుకు మాటిచ్చి, ప్రాణం మీదికి వచ్చినా తప్పని దొంగ కథ. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో ఆ నాటకానికి బహుమతి దక్కింది. ఆ భాష తెలియని ఊళ్లో, ఆ భాషతోనే. మన కాలనీల్లో కొందరు తెలుగు పిల్లలు కూరగాయలమ్మే అవ్వ మాటను అనుకరించి నవ్వడం విన్నాను. పిల్లలు అనే మాటకు ఆమె 'లైకా మన్' అంటుంది. ఆ 'మన్' బహువచన ప్రత్యయం, మన 'లు' లాంటిది. అందులో నవ్వడానికి ఏముంది?

ఇప్పుడు మీకు ఇష్టమైన షో దగ్గరికి వద్దాం. ఒక దృశ్యం తప్పా కాదా అని సందేహం వస్తే నేనొక పరీక్ష పెట్టుకుంటాను. ఆ జోకు ఎవరి మీదో, ఆ మనిషి నా పక్కన సోఫాలో కూర్చుని ఉన్నా ఇలాగే నవ్వుతానా? నల్లగా ఉందని హీరోయిన్ స్నేహితురాలి మీద వేసిన జోకును, మీ క్లాసులో చామనఛాయ నేస్తం పక్కన కూర్చుని చూడగలరా? లావుగా ఉన్నవాడి మీద వేసిన జోకును మీ పెదనాన్న పక్కన? అమ్మాయి వద్దంటున్నా వెంటపడే హీరోను మీ అక్క పక్కన? నచ్చకపోవడానికీ తప్పనిపించడానికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. కథ సాగదీశారు, పాటలు బాగాలేవు, హీరో మారాడు — ఇవి నచ్చకపోవడాలు. వాటికి మనస్సాక్షితో పని లేదు, రిమోట్ చాలు.

వదిలేయాలనిపిస్తే నిశ్శబ్దంగా వదిలేయవచ్చు. పిన్ని పిల్లలు, బాబాయి పిల్లలు అంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో శుక్రవారం రాత్రి అందరూ అదే షో గురించి రాస్తుంటారు. సొంతూరితో మీకున్న తీగ బహుశా అదొక్కటే. అందుకే అది వదలడం కష్టమని నాకు తెలుసు. 'నేను చూడటం మానేశాను' అని ఒక్క మాట చాలు, ఉపన్యాసం వద్దు. ఎందుకని బావో వదినో అడిగితే అప్పుడు చెప్పండి. తీగ తెగిపోతుందని భయపడితే ఇంకో సంగతి ఎత్తండి. అమ్మమ్మ పెట్టిన ఆవకాయ సంగతి ఎత్తితే ఏ గ్రూపైనా అరగంట ఆగకుండా నడుస్తుంది. ఇంట్లో తాతగారు హాల్లో అదే షో చూస్తుంటే టీవీ కట్టేయమనే హక్కు మీకు లేదు. మీరు లేచి పక్క గదిలోకి వెళ్లే హక్కు మాత్రం ఉంది. తాతగారు ఎందుకు వెళ్లావురా అని అడిగితే, ఆ సంభాషణ షో కన్నా బాగుంటుంది.

ఇంకొకటి. మీరు మానేసినంత మాత్రాన ఇంకా చూస్తున్నవారు చెడ్డవారైపోరు. నిన్నటిదాకా మీరూ చూశారు. నటులను, వారి అభిమానులను బూతులు తిడుతూ వేరే అభిమాన సంఘంలో చేరడం వదిలేయడం కాదు, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు బదిలీ. బదిలీలు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇంతకీ అపూ ఏమయ్యాడని అడుగుతారేమో. 2018లో అతన్ని షో నుంచి తీసేస్తారని వార్త వచ్చినప్పుడు అందరికన్నా ముందు బాధపడినవారిలో హరి కొండబోలు ఒకడు. తీసేయమని తాను ఎప్పుడూ అడగలేదని, అపూను తీసేయకుండానే బాగుచేసే దారులు ఎన్నో ఉన్నాయని అన్నాడు. ఆ దారులు షో వాళ్లు ఇంకా పట్టలేదు. అజారియా తప్పుకున్నాక అపూ ఎప్పుడైనా జనంలో ఒకడిగా కనిపిస్తాడు, కానీ మాట్లాడడు. అతనికి కొత్త గొంతు ఎవరూ ఇవ్వలేదు.